పెళ్లి బంతిలోంచి లేచి నా షేర్లు కాపాడినవాళ్లకు కృతజ్ఞతలు

మాది మండపేట, ఎరువుల కొట్టు. పోయిన నెల మా బాబాయి కూతురి పెళ్లికి తణుకు వెళ్లాం. పన్నెండు దాటాక మొదటి బంతిలో కూర్చున్నాను. పనసపొట్టు కూర వడ్డించి పులిహోర తెస్తున్నారు, జేబులో ఫోన్ రెండుసార్లు కొట్టుకుంది. చూస్తే నేను షేర్లు కొని అమ్మే ట్రేడింగ్ ఖాతా లాగిన్ ఓటీపీ. నేను అడగలేదు. దాని కిందే పాస్‌వర్డ్ మారిందని ఇంకో మెసేజ్. యాప్ తెరిస్తే మళ్లీ లాగిన్ అవమంటోంది.

పక్కనే మా అక్క కొడుకు. విజయవాడలో సీఏ చదువుతున్నాడు. నేను నేతి చేతుల్తోనే పాత పాస్‌వర్డ్ కొడుతుంటే ఫోన్ లాక్కుని, తన పంచె అంచుకు తుడిచి, "మావయ్యా, అది ఇంక పనిచేయదు. టైం వేస్టు. ముందు ఖాతా ఆపిద్దాం" అన్నాడు. నిజం చెప్పాలంటే ఖాతా ఆపించవచ్చని నాకు తెలియనే తెలియదు. ఖాతాలోకి ఎవరో చొరబడ్డారని అనుమానం వస్తే ఖాతాదారు అడగగానే ఆన్‌లైన్ ట్రేడింగ్ ఆపేయాలని షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ 2024 జనవరిలో సర్క్యులర్ ఇచ్చిందట. ఆ ఏడాది జూలై 1 నుంచి అమల్లో ఉంది. మార్కెట్ నడిచే వేళల్లో అయితే పదిహేను నిమిషాల్లో ఆపాలి. అందుకని ప్రతి బ్రోకర్‌కీ, అంటే మన ఖాతా నడిపే కంపెనీకి, స్టాప్‌ట్రేడ్ అనే పేరుతో మొదలయ్యే ప్రత్యేక మెయిల్ ఐడీ ఉంటుంది. వాడు నా ఫోన్‌లోంచి దానికి రెండు లైన్ల మెయిల్ పంపి, వెంటనే కస్టమర్ కేర్‌కి కలిపి ఫోన్ నా చెవికి పెట్టాడు.

అవతల తెలుగమ్మాయి. నేను కంగారులో పుట్టినతేదీ కూడా తప్పు చెప్పాను. విసుక్కోలేదు. "సార్, నిదానంగా చెప్పండి, లైన్ కట్ చేయకండి" అంది. సరిచూసుకున్నాక, "మూడు ఆర్డర్లు ఇంకా పెండింగ్‌లో ఉన్నాయి, రద్దు చేస్తున్నాం" అంది. ఖాతా ఫ్రీజ్ అయిందన్న మెసేజ్ నా ఫోన్‌కి వచ్చేదాకా లైన్లోనే ఉంది. మొత్తం పదకొండు నిమిషాలు. ఈలోగా నా విస్తరి తీసేశారు, అది వేరే సంగతి.

అప్పటికే దొంగ రెండు కంపెనీల షేర్లు అమ్మేశాడు, దాదాపు 1,84,000 రూపాయలవి. నేను డీడీపీఐ (అమ్మినప్పుడు షేర్లు తీసుకోమని బ్రోకర్‌కి ముందే ఇచ్చే అనుమతి) సంతకం పెట్టి ఉన్నాను కాబట్టి అమ్మడానికి షేర్లు భద్రపరిచే సీడీఎస్ఎల్ సంస్థ పిన్, ఓటీపీ ఏవీ అడగలేదు. నాకు వచ్చిన సందేహమే మీకూ రావచ్చు: డబ్బు తీసుకోవాలంటే నా బ్యాంకు ఖాతాకే వెళ్తుంది కదా, వాడికేంటి లాభం? మేనల్లుడు విప్పి చెప్పాడు. ఎవరూ ముట్టని ఆప్షన్లను (షేర్లను ఫలానా ధరకి కొనే, అమ్మే హక్కుల ఒప్పందాలు) ఎక్కడలేని ధరకి నా ఖాతాలోంచి కొంటాడు, అవతల అమ్మేది వాడి మనిషే. నాకొచ్చిన నష్టమే వాడి లాభం. అలా 62,000 పోయింది. ఖాతా తెరిచినప్పుడు అడిగారు కదాని ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్ల విభాగం) కూడా తెరిపించి, ఏనాడూ వాడని ఘనత నాదే. మిగిలిన ఏడు లక్షల చిల్లర, నాన్న పోయాక ఆయన డబ్బుతో కొన్న షేర్లు, కదలకుండా ఉన్నాయి.

ఆ రాత్రి విడిదింట్లో మేనల్లుడు నా మెయిల్ సెట్టింగులన్నీ వెతికాడు. బ్రోకర్ నుంచి వచ్చే మెయిల్స్ నేరుగా చెత్తబుట్టలోకి పోయేలా ఎవరో ఫిల్టర్ పెట్టి ఉంచారు! దొంగ ముందు దూరింది మెయిల్లోకి. ఓటీపీ మెయిల్‌కి కూడా వస్తుంది కాబట్టి వాడి పని సులువైంది. ఏళ్ల తరబడి అన్నిచోట్లా ఒకటే పాస్‌వర్డ్ పెట్టుకున్నందుకు పిల్లవాడు నన్ను ఒక్క మాట అనలేదు. మా ఆవిడ ఆ లోటు తీర్చింది.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకున్నాం. ఊరొచ్చాక స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్ గారు కుర్చీ వేసి కూర్చోబెట్టారు. నేను మా నాన్నగారి దగ్గర్నుంచి మొదలుపెడితే, "అవన్నీ తర్వాత. ఎన్ని గంటలకి ఏ మెసేజ్ వచ్చింది, మీరేం చేశారు, వరసగా రాయండి. ఒక్క మెసేజ్ కూడా డిలీట్ చేయొద్దు" అన్నారు. కాంట్రాక్ట్ నోట్లు (ఆరోజు కొన్నవీ అమ్మినవీ చూపే బ్రోకర్ పత్రాలు) ప్రింటు తీయించి, ఆ ఆప్షన్ల వరసల కింద ఎర్ర పెన్నుతో ఆయనే గీతలు గీశారు. సరైన పాస్‌వర్డ్, ఓటీపీతోనే లాగిన్ జరిగింది కాబట్టి తమ బాధ్యత లేదని బ్రోకర్ జవాబిచ్చినప్పుడు, సెబీ ఫిర్యాదుల పోర్టల్ స్కోర్స్‌లో పెట్టిన ఫిర్యాదుకి ఆయన రాయించిన ఆ కాగితమే జతచేశాను. అది నడుస్తోంది. 62,000 వస్తుందో రాదో చూడాలి.

మేనల్లుడికి నేను థ్యాంక్స్ చెబితే నవ్వుతాడు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. హెడ్ కానిస్టేబుల్ గారికి మొన్న చెప్పి వచ్చాను. మిగిలింది ఆ కస్టమర్ కేర్ అమ్మాయి. పేరు చెప్పింది గానీ ఆ గాభరాలో చెవికెక్కలేదు. మళ్లీ రెండుసార్లు ఫోన్ చేస్తే వేరేవాళ్లు ఎత్తారు. ఇది చదివేవాళ్లలో ఆ కాల్ సెంటర్లో పనిచేసేవాళ్లెవరైనా ఉంటే, పుట్టినతేదీ తప్పు చెప్పిన ఎరువుల కొట్టాయన చాలా చాలా థ్యాంక్స్ అమ్మా అన్నాడని చెప్పండి.