దొంగ మెయిలుకూ అసలు మెయిలుకూ తేడా ఏదీ?

సంపాదకుల వారికి,

సైబర్ మోసాలకు చదువుకున్నవారే బలవుతున్నారని, అందుకు వారి అత్యాశే కారణమని పది రోజుల క్రితం మీ విశాఖ పేజీలో ఒక అధికారి సెలవిచ్చారు. లెక్కలు రాస్తూ ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి రిటైరైన నాకు నవంబరు మొదటి వారంలో వచ్చిన మెయిలులో ఆశ పెట్టే మాట ఒక్కటీ లేదు. 'మీ జీవన ప్రమాణ పత్రం అందలేదు, ఈ సాయంత్రంలోగా లింకులో వివరాలు నింపకపోతే పింఛను నిలిచిపోతుంది' అని మాత్రమే ఉంది. పింఛనుదారు బతికే ఉన్నాడని ఏటా ఇచ్చే పత్రమది. పింఛనుతో మందులు కొనుక్కునేవాడిని అటు నడిపించేది ఆశా, భయమా?

పైన బ్యాంకు పేరు, గుర్తు అచ్చు గుద్దినట్టున్నాయి. ఆ పేరు మీద నొక్కితే వెనుకనున్న చిరునామా బయటపడింది. అందులో ఇంగ్లీషు 'ఎం' ఉండవలసిన చోట 'ఆర్', 'ఎన్' అక్షరాలు పక్కపక్కన అంటుకుని ఉన్నాయి. శుక్లాల ఆపరేషన్ అయిన నా కళ్లకు భూతద్దం పెడితే గాని తేడా తెలియలేదు. మర్నాడు ప్రింటు తీసుకుని బ్రాంచికి వెళితే, 'ఇలాంటివి రోజూ వస్తాయండీ, డిలీట్ చేసేయండి' అన్నారు. లింకులు నొక్కవద్దన్న హెచ్చరిక అక్కడి గోడ మీద ఉన్నమాట నిజమే, కాకపోతే ఇంగ్లీషులో, అదీ సగం బంగారు రుణాల పోస్టరు చాటున. వారం తిరక్కుండానే కేవైసీ కోసం 'ఇక్కడ నొక్కండి' అంటూ ఇంకో మెయిలు వచ్చింది. అడిగితే అది తాము పంపినదేనట!

బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ 2025 అక్టోబరు 31 నాటికి 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్'తో ముగిసే చిరునామాకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ మాటలు చిరునామా మధ్యలో ఎక్కడో కాక, 'https://' తరువాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు (/) ముందు, చిట్టచివర ఉండాలన్న చిన్న సంగతిని కౌంటరు దగ్గర తెలుగులో రాసి పెట్టడానికి అరఠావు కాగితం చాలదా? నా పాస్‌బుక్కు మీద నేటికీ పాత చిరునామాయే ఉంది.

మా ఎంవీపీ కాలనీలో ఒక పెద్దాయన ఇలాంటి లింకుతోనే డబ్బు పోగొట్టుకుని బ్యాంకుకు పరుగెత్తితే ముందు స్టేషనుకు వెళ్లమన్నారు, స్టేషనులో ముందు బ్యాంకుకు వెళ్లమన్నారు. ఖాతాదారు తానే వివరాలు ఇచ్చుకున్నా, ఆ సంగతి బ్యాంకుకు తెలిపిన తరువాత జరిగే నష్టం బ్యాంకుదేనని 2017లో రిజర్వు బ్యాంకే చెప్పింది. ఆయన చేతికి ఫిర్యాదు అందినట్టు రసీదు ఇచ్చినవారు లేరు, వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయమని చెప్పినవారూ లేరు. అత్యాశ గురించి మాత్రం రెండు చోట్లా చెప్పారట.

— ఒక విశ్రాంత ఉద్యోగి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం