ఎవరూ తొక్కని లాన్లకు నీళ్లు ఆపించండి

అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. ఎండాకాలంలో ట్యాంకర్ హారన్ వినగానే మా వీధి ఆడవాళ్లు పొయ్యి మీది కూర వదిలేసి బిందెలతో పరుగెత్తుతారు. మెయిన్ రోడ్డు పక్కన మాత్రం ఎవరూ అడుగుపెట్టని లాన్ మీద పైపు పారుతూనే ఉంటుంది, నీళ్లు రోడ్డెక్కుతాయి. చూస్తే కడుపు రగిలిపోతుంది.

100 చదరపు మీటర్ల గడ్డికి రోజుకు 5 మిల్లీమీటర్ల తడి ఇస్తే 500 లీటర్లు. అమెరికాలోని నెవాడా రాష్ట్రం 2021లోనే చట్టం చేసింది: లాస్ వెగాస్‌ ప్రాంతంలో రోడ్ల పక్కన, ఆఫీసుల ముందు అలంకారానికి పెంచే గడ్డికి 2027 నుంచి కొలరాడో నది నీళ్లు వాడకూడదు. ఆటస్థలాలను వదిలేశారు, అది న్యాయమే.

మనం ప్రభుత్వ ఆఫీసుల లాన్లతో మొదలుపెడదాం. డివైడర్లపై, కొత్త లేఅవుట్లలో గడ్డి బదులు కానుగ, వేప నాటించండి. వేసవిలోపే ఉత్తర్వులివ్వండి.

ఇట్లు,
మీ జిల్లావాసి