విక్కాను చేతబడి అని రాయకండి

సంపాదకుల వారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో విక్కా గురించి వచ్చిన వ్యాసం చదివాను. పడమటి దేశాల నుంచి వచ్చిన ఒక ఆరాధనా పద్ధతిని మన కాలేజీ పిల్లలు ఫోన్లలో చూసి తెలిసీ తెలియక అనుకరిస్తున్నారన్నది వ్యాసకర్త ఆందోళన. అందులో కొంత న్యాయం ఉంది, ఆ సంగతి తరువాత చెబుతాను. అయితే వ్యాసం పొడుగునా విక్కాకు పర్యాయపదంగా ‘చేతబడి’ అనీ, ఆచరించేవారికి ‘మంత్రగత్తెలు’ అనీ వాడడం మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. నేను హనుమకొండలో ఒక జూనియర్ కళాశాలలో ఇరవై ఏళ్లుగా వృక్షశాస్త్రం చెబుతున్నాను. కరోనా లాక్‌డౌన్ రోజుల్లో మొదలుపెట్టి, ఏ గురువూ ఏ బృందమూ లేకుండా, పుస్తకాలు చదువుకుంటూ విక్కాను నా మట్టుకు నేను ఆచరిస్తున్నాను. కాబట్టి మీ వ్యాసం ఎవరిని గురించి రాసిందో వారిలో నేనూ ఒకదాన్ని.

హైదరాబాదు పాఠకుడికి ఆ రెండు మాటలూ కుతూహలం పుట్టించే మాటలు కావచ్చు. మా వైపు అవి అలాంటివి కావు. నా చిన్నతనంలో, భూపాలపల్లి వైపు మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో, ఆకుపసరు వైద్యం తెలిసిన ఒక వితంతువు ఉండేది. పక్కింటి పసివాడు జ్వరంతో చనిపోయిన మూడో రోజున ‘ఆమె మంత్రాలు చేస్తది’ అని ఎవరో అన్నారు. అంతకు మించి రుజువు ఎవరూ అడగలేదు. వారం తిరగకుండానే ఆమె ఇంటి పెంకులు రాళ్ల దెబ్బలకు పగిలాయి. ఒకనాడు తెల్లవారకముందే ఆమె మూట కట్టుకొని ఊరు విడిచి వెళ్లిపోయింది. ఆమె ఎటు పోయిందో మా అమ్మమ్మ బతికున్నన్నాళ్లూ వాకబు చేస్తూనే ఉండేది, ఎందుకంటే మా అమ్మ పుట్టినప్పుడు మంత్రసానితనం చేసింది ఆమే.

చేతబడి, బాణామతి చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు మీ జిల్లా పేజీల్లోనే ఎన్నోసార్లు వచ్చాయి. దేశవ్యాప్తంగా జరిగే హత్యల కారణాలను లెక్కగట్టే జాతీయ నేర గణాంకాల సంస్థ తన పట్టికలో దీనికి ఒక ప్రత్యేకమైన గడి కేటాయించవలసి వచ్చింది. బీహార్ 1999లోనే దీని మీద ప్రత్యేక చట్టం చేసింది. మహారాష్ట్ర 2013లో, మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దాభోల్కర్ పుణెలో హత్యకు గురయ్యాక, కర్ణాటక 2017లో తమ తమ చట్టాలు తెచ్చుకున్నాయి. చేతబడి అనేది ఎవరూ తమకు తాము పెట్టుకునే పేరు కాదు. ఎదుటివారి మీద, అందులోనూ ఎక్కువగా అండ లేనివారి మీద వేసే నింద. విక్కా మాత్రం ఒక మనిషి తనంతట తాను ఎంచుకొని చెప్పుకునే పేరు. ఈ రెంటినీ ఒకే మాటతో పిలిస్తే, హనుమకొండలో మేడ మీద పున్నమి రాత్రి దీపం పెట్టుకునే అమ్మాయి ఒక్కసారిగా మా అమ్మమ్మ ఊరి వితంతువు నిలబడిన చోట నిలబడవలసి వస్తుంది.

విక్కా అంటే ఏమిటో కొంత చెప్పక తప్పదు. అది ప్రాచీన మతమేమీ కాదు. ఈ మాట విక్కా అభిమానుల్లోనే చాలామందికి రుచించదు గానీ, చరిత్ర అలాగే ఉంది. సిలోను, బోర్నియో, మలయాల్లో తోటల్లోనూ ఆ తరువాత కస్టమ్స్ శాఖలోనూ పనిచేసి 1936లో విరమించి స్వదేశం చేరిన జెరాల్డ్ గార్డ్‌నర్ అనే ఇంగ్లండు పెద్దమనిషి, 1939లో అక్కడి న్యూ ఫారెస్ట్ ప్రాంతంలో ఒక రహస్య బృందం తనకు దీక్ష ఇచ్చిందని చెప్పుకున్నాడు. ఆ దేశపు పాత మంత్రవిద్యల చట్టం 1951లో రద్దయ్యాక, 1954లో తన పుస్తకం ద్వారా ఈ పద్ధతిని లోకానికి పరిచయం చేశాడు. రద్దయిన ఆ 1735 నాటి చట్టం గురించి ఒక ముచ్చట చెప్పాలి: అది మంత్రగత్తెలను శిక్షించడానికి చేసింది కాదు, తమకు అలాంటి శక్తులున్నాయని చెప్పి జనాన్ని మోసం చేసేవారిని శిక్షించడానికి చేసింది. మూడు వందల ఏళ్ల కిందట అక్కడి పార్లమెంటుకు తెలిసిన తేడా, మన అచ్చు వ్యాసానికి తెలియకపోవడం నాకు బాధ కలిగించింది.

విక్కాలో ఒక దేవి, ఒక దేవుడు. వారి జతగా ప్రకృతి. దిక్కులు నాలుగింటికీ నేల, గాలి, నిప్పు, నీరు అధిపతులు. వారి గుర్తు అయిదు కోణాల నక్షత్రం; అందులో నాలుగు కోణాలు ఇవి, అయిదోది ఆత్మ; పంచభూతాలు ఎరిగిన మనకు దాన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. మీ వ్యాసంలో ప్రస్తావించిన సైతాను విక్కాలో లేనే లేడు. విక్కా దేవుడికి కొమ్ములుంటాయి, ఆ బొమ్మ చూసి కలిగిన పొరపాటు అది. ఎవరికీ హాని చేయనంతవరకు నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి అన్నదే వారి ప్రధాన నియమం. అమెరికాలో ఒక అప్పీలు కోర్టు 1986లో దీన్ని మతంగా అంగీకరించింది. మరణించిన సైనికుల సమాధి రాళ్ల మీద ఆ అయిదు కోణాల నక్షత్రాన్ని చెక్కడానికి అక్కడి ప్రభుత్వం 2007లో ఒప్పుకుంది.

ఇక చదువు సంగతి. వ్యాసకర్త ఆందోళనలో న్యాయం ఉందన్నాను కదా, అది ఇక్కడే. నేనూ మొదట తప్పుదారినే పట్టాను. తొలుత నా చేతికి వచ్చిన పరిచయ పుస్తకంలో, యూరపులో తొంభై లక్షల మంది మంత్రగత్తెలను తగలబెట్టారనీ, వారంతా ఒక పాత మతాన్ని దాచి కాపాడిన వారనీ ఉంది. చదివి కన్నీళ్లు పెట్టుకున్నాను. ఏడాది తరువాత బ్రిస్టల్ విశ్వవిద్యాలయ చరిత్రాచార్యుడు రోనాల్డ్ హటన్ 1999లో వెలువరించిన గ్రంథంతో మొదలుపెట్టి చరిత్ర పుస్తకాలు చదివితే, ఆ రెండు మాటలూ నిలబడవని తేలింది. ఆ శతాబ్దాల్లో యూరపు మొత్తం మీద మరణశిక్ష పడినవారు సుమారు నలభై నుంచి అరవై వేల మంది అని ఇప్పటి చరిత్రకారుల అంచనా. ఇంగ్లండులోనైతే ఉరి తీశారు తప్ప తగలబెట్టలేదు. వారు దాచిన రహస్య మతం ఉండేదన్న సిద్ధాంతాన్ని 1921లో ప్రతిపాదించిన మార్గరెట్ ముర్రే ఈజిప్టు పురావస్తు శాస్త్రవేత్త; ఆ సిద్ధాంతాన్ని చరిత్రకారులు ఎప్పుడో తోసిపుచ్చారు. అందువల్ల ఎవరైనా మొదలుపెట్టదలిస్తే ముందు చరిత్ర, ఆ తరువాతే పూజాక్రమం చదవాలని నా అభిప్రాయం. నిజం తెలిశాక మిగిలే ఆసక్తి ఏదో అదే మనది.

ఒంటరిగా ఆచరించడానికి దారి చూపినవాడు స్కాట్ కన్నింగ్‌హామ్ అనే అమెరికన్ రచయిత. ముప్పయ్యారేళ్లకే, 1993లో చనిపోయాడు. 1988లో ఆయన అచ్చు వేసిన చిన్న పరిచయ గ్రంథం, దీక్ష ఇచ్చే బృందం దొరకనివారు తమను తామే దేవతలకు నివేదించుకోవచ్చని చెప్పింది. గార్డ్‌నర్ పరంపరలోని వారు దీన్ని ఒప్పుకోరు. అప్పటికే దీక్ష పొందిన మరొకరి చేతి మీదుగా మూడు అంచెల్లో పొందితేనే తమ పరంపర అంటారు. వారి మాట వారికి సబబే. నేను ఆ పరంపరలో ఉన్నానని ఎన్నడూ చెప్పుకోను. చదివింది రాసుకోవడానికి ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది; దాన్ని ఆ పుస్తకాలు ‘నీడల పుస్తకం’ అంటాయి, నా దానిలో సగం పేజీలు మొక్కల చిత్తు బొమ్మలే.

నన్ను అసలు పట్టి నిలిపింది ఏమిటంటే, ఆ పుస్తకాల్లోని సంవత్సర చక్రం మన నేల మీద ఏ మాత్రం కుదరకపోవడం. వారి ఎనిమిది పండుగల్లో ఒకటి డిసెంబరు 21 ప్రాంతంలో, సూర్యుడు మళ్లీ పుట్టే రోజుగా వస్తుంది. లండనులో ఆనాడు పగలు ఎనిమిది గంటలైనా ఉండదు, కాబట్టి ఆ ఆశకు అర్థముంది. వరంగల్లు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మన అతి చిన్న పగలు కూడా పదకొండు గంటలు. మే 1న మంట వేసి ఎండాకాలాన్ని స్వాగతించమని మరో పండుగ చెబుతుంది. నలభై డిగ్రీలు దాటిన ఎండలో మంట వేసి ఎండను ఆహ్వానించే పని మన ఊళ్లో ఎవరూ చేయరు. మరి ఏం చేయాలి? ఆస్ట్రేలియాలోని విక్కన్లు చాలామంది ఆ చక్రాన్ని ఆరు నెలలు తిప్పి, శీతాకాలపు పండుగను జూన్‌లో చేసుకుంటారని చదివాక నాకు ధైర్యం వచ్చింది. నేను మన కార్తెలను పట్టుకున్నాను. రోహిణి కార్తె ఎండ నా చక్రంలో అడుగు భాగం, మన చలికాలపు చీకటి కాదు. జూన్ 8 ప్రాంతంలో వచ్చే మృగశిరకు తొలి వాన వాసన వస్తుంది. నాకు అదే సూర్యుడు మళ్లీ పుట్టే రోజు కంటే పెద్ద పండుగ. అక్టోబరు 31న వారు తమ మృతులను తలుచుకుంటారు. మనకు పెత్రమాస ఉండగా నేను వేరే తేదీ వెతకనవసరం లేకపోయింది.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. పెత్రమాస నాడే ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది కాబట్టి, తంగేడు, గునుగు పేర్చి ఆడే బతుకమ్మ కూడా విక్కా లాంటిదేనని అనే ఉత్సాహవంతులున్నారు. మేడారంలో విగ్రహం లేకుండా వెదురు కర్రనూ కుంకుమ భరిణెనూ సమ్మక్క సారలమ్మలుగా కొలిచే జాతరనూ అందులో కలిపేస్తారు. నేను అలా కలపను. అవి ఒక జనం తరతరాలుగా కలిసి చేసుకుంటున్న పండుగలు. నాది ఏడు దశాబ్దాల కిందట మరో దేశంలో కూర్చిన పద్ధతిని నాకు నేను సర్దుకున్న ఏకాంత అలవాటు. బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర అందరితో కలిసి ఆడతాను, అప్పుడు నేను విక్కన్‌ను కాను, మా వాడకట్టు ఆడబిడ్డను.

మొక్కల విషయంలో మాత్రం ఉపాధ్యాయురాలిగా గట్టిగా చెప్పక తప్పదు. ఆ పుస్తకాల్లో బెల్లడోనా, ఫాక్స్‌గ్లోవ్ వంటి యూరపు విషమొక్కల పేర్లు కనిపిస్తాయి. మనకు అవి దొరకవు కనుక వాటి బదులు ఏదో ఒకటి వాడదామనే ఆలోచన కుర్రవాళ్లకు వస్తుంది. బెల్లడోనా కుటుంబానికే చెందిన ఉమ్మెత్త మన దిబ్బల మీద పుట్టెడు. రెంటిలోనూ ఉన్నది మనిషిని మతి తప్పించి చంపగల విషాలే. ఫాక్స్‌గ్లోవ్‌లాగే గన్నేరులోనూ గుండె మీద పనిచేసే విషం ఉంది. పొగ వేయడానికీ, తైలం చేయడానికీ, తాగడానికీ వీటిని ముట్టవద్దు. తులసి, వేపాకు, ఉప్పు, నీళ్లు చాలు. ఉప్పుతో శుద్ధి చేసుకోవడం ఆ పుస్తకాల్లోనూ ఉంది. మా అత్తమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలతో దిష్టి తీసినప్పుడు దాన్ని చేతబడి అని మీ పత్రిక రాయదు. నేను మేడ మీద దీపం పెడుతుంటే ఆమె ఒకసారి చూసి, ‘పున్నమినాడు దీపం పెడితే మంచిదే గదా’ అని కిందికి వెళ్లిపోయింది.

డబ్బు సంగతి కూడా చదువుకు చెందినదే. మొదట్లో ఒక దీక్షాకేంద్రం వాళ్లు ఫోనులో పదిహేను వేలు కట్టమన్నారు. రాళ్ల పెట్టె ఒకటి పంపుతామనీ, ఫోటో, పుట్టిన వేళ పంపితే చాలుననీ అన్నారు. ఆ పుస్తకాల్లో ఏ ఒక్కటీ అలాంటిది చెప్పలేదు. చదివిన మనిషిని ఇలా మోసం చేయడం కష్టం. ఫోనులో రెండు నిమిషాల వీడియోలు మాత్రమే చూసిన పిల్లను తేలిక. తల్లిదండ్రులు భయపడవలసిందేమైనా ఉంటే ఇదే. బిడ్డ సంచిలో నక్షత్రం గుర్తు ఉన్న నోట్‌బుక్ దొరికితే దాన్ని చించేయక ముందు, ఎవరికైనా డబ్బు కట్టిందా, ఏదైనా తాగిందా అని అడగండి. మిగతావి కూర్చొని మాట్లాడుకోవచ్చు.

మీ పత్రిక సవరణ వేయాలనీ, ఇకమీదట విక్కాను విక్కా అనే రాయాలనీ నా మనవి. తెలుగులో దానికి మాట లేకపోతే ఆ మాటనే ఉంచండి. రైలునూ కాలేజీనీ అలాగే ఉంచుకున్నాం. నా పేరు, చిరునామా, ఫోను నంబరు విడి కాగితం మీద రాసి ఈ ఉత్తరానికి జత చేశాను. వాటిని మీ దగ్గరే ఉంచి, అచ్చులో వేయవద్దని కోరుతున్నాను. మీ వ్యాసం వచ్చిన మరునాడు మా స్టాఫ్‌రూములో దాన్ని పైకి చదివి నవ్వుకున్నారు, నేనూ నవ్వవలసి వచ్చింది.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
హనుమకొండ