సాలిస్‌బరీకి చలికాలంలోనే వెళ్లాలి

సంపాదకులు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన ఇంగ్లాండు యాత్రా వ్యాసం చదివాను. ఎండాకాలం దాటితే అక్కడ చూడ్డానికేమీ ఉండదని తేల్చేశారు. పిల్లల దగ్గరకు వెళ్లే మా ఈడువాళ్లు ఇలాంటివి నమ్మే, ధర ఎంతైనా జూన్, జూలైలకే టికెట్లు కొంటున్నారు. తీరా వెళ్లాక టూర్ బస్సువాళ్లు స్టోన్‌హెంజ్ అనే పురాతన రాళ్ల వలయం చూపించి, దారిలో సాలిస్‌బరీ అనే ఊళ్లో దింపి, అక్కడి కెథడ్రల్ (పెద్ద చర్చి) ముందు ఫొటో దిగగానే మళ్లీ ఎక్కించేస్తారు.

నేను ఆ ఊరు జనవరిలో చూశాను. మా అమ్మాయి సౌతాంప్టన్‌లో ఉంటుంది, అక్కడినుంచి రైల్లో అరగంట. తను డ్యూటీకి పోతే నేనూ మా ఆవిడా సాలిస్‌బరీ రైలెక్కేవాళ్లం. క్యూ లేదు, తోపులాట లేదు. రాజు అధికారానికి హద్దులు పెట్టిన ఒప్పందపత్రం మాగ్నా కార్టా. దాని 1215 నాటి ప్రతులు నాలుగే మిగిలాయి. అందులో ఒకటి ఇక్కడి కెథడ్రల్‌లో ఉంది. దాని ముందు ఎంతసేపు నిలబడ్డా జరగమన్నవాళ్లు లేరు.

ఇరిగేషన్‌లో చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నా ధ్యాసంతా ఆ కెథడ్రల్ పునాది మీదే. 1220లో మొదలుపెట్టిన కట్టడం అది. తర్వాతి తరాలవాళ్లు పైన శిఖరం లేపారు. మొత్తం ఎత్తు 123 మీటర్లు, పునాది లోతు చూస్తే నాలుగడుగులు! కింద నది తెచ్చిన గులకనేల, దాన్నిండా నీరు. శిఖరం బరువు ఆరువేల టన్నుల పైమాటే. ఆ బరువుకి నడిమి స్తంభాలు వంగిన సంగతి కంటికే తెలుస్తుంది. శిఖరం ఎంత ఒరిగిందో 1668లోనే వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ కొలిపించాడు. లోపల నేలలో చిన్న కన్నం ఉంది. అందులోకి కర్ర దించి నీటిమట్టం చూస్తారు. మనం కాలవ గేజీ చూసినట్టే. సందర్శకులు లేక ఖాళీగా ఉన్న ఓ వలంటీరు పెద్దాయన మూత తీసి, కర్ర దించి, తడి ఎక్కడిదాకా వచ్చిందో వేలు పెట్టి చూపించాడు. ఆగస్టు రద్దీలో ఆయనకా తీరిక ఎక్కడిది?

1386 నాటిదని చెప్పే ఇనప గడియారం కూడా ఉంది. దానికి ముఖమూ లేదు, ముళ్లూ లేవు. గంట కొట్టడమే దాని పని.

అసలు నేను ఈ ఉత్తరం రాస్తున్నది హార్నమ్ పచ్చికల కోసం. కెథడ్రల్ వెనక, ఏవన్ నదికి అవతల, కాలిబాటకి రెండు పక్కలా ఉంటాయి. చలికాలంలో షట్టర్లు ఎత్తి బోదెల్లోంచి పచ్చిక మీదకి పల్చగా నీళ్లు పారిస్తారు. నిలవ ఉండకూడదు, కదులుతూనే పోవాలి. సుద్దరాయి పొరల్లోంచి ఊరే ఆ నీరు చలికి గడ్డకట్టే నేలకన్నా వెచ్చన. దాంతో మంచు పట్టదు, గొర్రెలకి గడ్డి ముందుగా అందుతుంది. పదిహేడో శతాబ్దపు ఏర్పాటట. నీళ్లు తిప్పడానికి మన లాకుల దగ్గర లస్కర్ల లాగే వాళ్లకీ మనుషులుండేవారు. ఆ తూములూ, బోదెల వాటమూ చూస్తూ నేను నిలబడిపోతే మా ఆవిడ ‘ఇంగ్లాండు వచ్చి కూడా కాలవలేనా’ అని విసుక్కుంది. కానీ ఎండాకాలంలో వెళితే మిగిలేది ఉత్త గడ్డే కదండీ.

చలికాలానికి ఇబ్బందులు లేవనను. నాలుగున్నరకల్లా చీకటి. అయితే చీకటిపడ్డా కెథడ్రల్‌లో సాయం ప్రార్థన ఉంటుంది. టికెట్ లేదు, మతం అడగరు, పిల్లలు పాడుతుంటే కూర్చుని వినొచ్చు. ఆడపిల్లల బృందాన్ని 1991లో ఇక్కడే మొదలుపెట్టారు, ఇంగ్లాండు కెథడ్రళ్లలో అదే మొదటిదట. మంగళ, శనివారాల్లో ఊళ్లో సంత. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు గోపురం ఎక్కే టూరు జోలికి పోవద్దు, మూడొందల పైచిలుకు మెట్లు.

వ్యాసకర్త మళ్లీ రాసేటప్పుడు జనవరిలో ఏమేం తెరిచి ఉంటాయో, ఏ దారి నీట మునుగుతుందో కూడా రాయాలని కోరుతున్నాను. హార్నమ్ బాట ఒక్కోసారి మునుగుతుంది, అడిగి బయల్దేరాలి. గ్లోవ్స్ తప్పనిసరి. మంకీ క్యాప్‌కి మొహమాటపడక్కర్లేదు, నాది చూసి అక్కడెవరూ నవ్వలేదు.

– రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్, ధవళేశ్వరం