మంత్రానికి హద్దు గీస్తేనే మిస్టరీ

సంపాదకులకు నమస్కారం.

ఇంగ్లిషులో ఇప్పుడు బాగా చదువుతున్న కోజీ ఫాంటసీ మిస్టరీలను, అంటే మంత్రాలుండే లోకంలో రక్తపాతం చూపకుండా హాయిగా సాగే హత్యా పరిశోధన నవలలను, 'పెద్దవాళ్ల పిల్లల కథలు' అని తీసిపారేసేవాళ్లున్నారు. ఆ మాటతో నేను ఏకీభవించను. టీ కొట్టు, మాట్లాడే పిల్లి, చిన్న ఊరు ఇవన్నీ పై సరంజామా. పాఠకుణ్ణి చివరిదాకా కూర్చోబెట్టేది లోపలి లెక్క.

ఇంగ్లిష్ డిటెక్టివ్ రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లో డిటెక్టివ్ కథకు పది నియమాలు రాశాడు. ఆయన స్వయానా క్యాథలిక్ మతగురువు. అయినా అతీత శక్తులకు కథలో చోటు లేదని రెండో నియమంలోనే తేల్చేశాడు. లోపల గడియ వేసిన గదిలో హత్య జరిగి, హంతకుడు గోడలోంచి నడిచి వెళ్లాడని ఆఖరి అధ్యాయంలో చెబితే పాఠకుడు అంతసేపూ ఆలోచించిందంతా వృథాయే కదా! ఈ చిక్కుకు అమెరికన్ రచయిత రాండాల్ గారెట్ రాసిన లార్డ్ డార్సీ అనే డిటెక్టివ్ కథలు 1960ల్లోనే దారి చూపాయి. అక్కడ మంత్రవిద్య సూత్రాల ప్రకారం నడుస్తుంది. మాంత్రికుడు డిటెక్టివ్ పక్కన ఫోరెన్సిక్ నిపుణుడిలా పనిచేస్తాడు.

అంటే మంత్రం ఏం చేయలేదో పాఠకుడికి ముందే తెలియాలి. హత్యకు ముందే చెబితే మంచిది, పుస్తకం పావు వంతు దాటాక చెబితే మోసం. నిజం చెప్పించే కషాయం ఉందనుకుందాం. విచారణ మొదటి రోజే కథ అయిపోతుంది. తాగినవాడు తాను నమ్మినదే చెబుతాడని షరతు పెట్టండి, పొరబడ్డ సాక్షి ఒకడు పుట్టుకొస్తాడు. చనిపోయినవాళ్లతో మాట్లాడే శక్తి ఉంటే, హతుడు వెనకనుంచి దెబ్బ తిని ఉండాలి. ఈ షరతును సంతలోనో వంటింట్లోనో మామూలు పనిలో ఒకసారి వాడి చూపిస్తే గుర్తుంటుంది. పేజీలకు పేజీలు వివరిస్తే ఎవరూ చదవరు.

అనుమానితులు ఐదారుగురు చాలు. వింత పేర్ల లోకంలో అంతకు మించితే ఎవరు ఎవరో కలిసిపోతారు. హత్య కళ్లముందు జరగనక్కర్లేదు, కానీ పోయినవాడి కోసం ఒక్కరైనా ఏడవాలి. హాయి కోసమని ఆ దుఃఖం కూడా తీసేసిన నవలల్లో హంతకుడెవరన్న ఆత్రం కూడా పోతుంది. ఈ శాఖలో ఎక్కువ పుస్తకాలు దెబ్బతినేది ఇక్కడే.

ఇది మనకు పరాయి సరుకేమీ కాదు. మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథల్లో గోపకుమారుడు మజిలీలో వింత చూసి కారణం అడుగుతాడు, మణిసిద్ధుడు మణి మహిమతో తెలుసుకుని చెబుతాడు. ముందు వింత, తర్వాత కారణం. అయితే మణి చెప్పేదాన్ని మనం ముందుగా ఊహించే వీలు లేదు. భేతాళ కథలు ఇంకా దగ్గర. ప్రశ్న వేసేసరికి జవాబుకు కావలసిందంతా మన ముందే ఉంటుంది. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, నోరు విప్పితే శవం చెట్టెక్కుతుంది. మంత్రానికి ఇంతకన్నా పక్కా షరతు ఎక్కడుంది?

మీ ఆదివారం అనుబంధంలో ఇలాంటి సీరియల్ ఒకటి వేయండి. ఆఖరి భాగానికి ముందు ఒక వారం ఆపి, హంతకుడెవరో, ఏ ఆధారంతో చెబుతున్నారో రాయమని పాఠకుల్ని అడగండి. ఒక్కరూ చెప్పలేకపోతే రచయిత ఆధారం దాచేశాడేమో చూడాలి. అందరూ చెప్పేస్తే తర్వాతి సీరియల్‌లో ముడి ఇంకాస్త బిగించమనండి.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం