ఇండక్షన్ హీటర్ వారంటీ తిరస్కరణపై ఫిర్యాదు: కాలింది చుట్ల దగ్గర కాదు, టెర్మినల్ దగ్గర

కస్టమర్ సర్వీస్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: చేతి ఇండక్షన్ హీటర్ టెర్మినల్ కరిగిపోవడం, వారంటీ ఇవ్వకపోవడం గురించి.

అయ్యా,

మీ సర్వీస్ సెంటర్‌కి పంపిన మా ఇండక్షన్ హీటర్, అంటే జామ్ అయిన నట్లను రాగి కాయిల్ తొడిగి వేడి చేసే మెషీన్, రిపేరు చేయకుండానే తిరిగొచ్చింది. పెట్టెలో ఒక చీటీ పెట్టారు: "కాయిల్ ఇన్సులేషన్ కాలిపోయింది. వాడకంలో లోపం. కాయిల్ అరిగిపోయే వస్తువు కనుక వారంటీ వర్తించదు." అంతే. ఎక్కడ కాలింది, ఎందుకు కాలింది, లోపలి సర్క్యూట్ బోర్డు పరిస్థితి ఏమిటి, వీటి గురించి ఒక్క ముక్క లేదు. ఫోన్ చేస్తే మీ కస్టమర్ కేర్‌లో ఎవరు ఎత్తినా "కాయిల్ కన్స్యూమబుల్ సర్" అనే మాట తప్ప ఇంకోటి చెప్పలేదు. అందుకే అంతా వివరంగా రాసి పంపుతున్నాను.

కాయిల్ అరిగేదేనని నాకూ తెలుసు. తుప్పు పట్టి జామ్ అయిన నట్లు ఊడదీయడమే మా షెడ్డులో సగం పని. కాలే నట్టు పక్కనే రోజూ ఉండే ఫైబర్‌గ్లాస్ స్లీవ్ (కాయిల్ రాగి మీది ఇన్సులేషన్ తొడుగు) కలకాలం ఉండదు. తెల్లగా ఉన్నది ముందు గోధుమ రంగుకు తిరుగుతుంది, తర్వాత నల్లబడి, పోగులు లేచి, వేలితో నలిపితే పొడి రాలుతుంది. లోపలి రాగి కనిపించిందంటే ఇక ఆ కాయిల్‌ని మెషీన్‌కి తగిలించకూడదు. కాయిల్‌లో ఒక చుట్టు ఇంకో చుట్టుకు తగిలినా, రాగి వెళ్లి నట్టుకు తగిలినా షార్ట్ అవుతుంది, ఆ దెబ్బ లోపలి ట్రాన్సిస్టర్ల మీద పడుతుంది. అందుకే స్లీవ్ చిరిగిన కాయిల్‌ని మా కుర్రాళ్లు వెంటనే పక్కన పడేస్తారు. అలా పడేసిన వాటికి బదులు మీ దగ్గరే కొత్తవి కొన్నాం, ఒక్కదానికీ డబ్బు తిరిగి అడగలేదు. ఇప్పుడు కూడా కాయిల్ ఖరీదు అడగడం లేదు.

మీరు వెనక్కి పంపిన కాయిల్‌నే ఒకసారి చూడండి. ఫొటోలు జతచేశాను. నట్టు మీద తొడిగే చుట్ల దగ్గర స్లీవ్ దాదాపు కొత్తదిలా ఉంది, ఒక పక్క కాస్త గోధుమ రంగు, అంతే. అదే కాయిల్ కాళ్లు చూడండి. మెషీన్‌లోకి దూరే చివర రెండు అంగుళాల మేర స్లీవ్ బొగ్గయిపోయింది, ముట్టుకుంటే రాలిపోతోంది. రాగి చివర్ల మీద నల్లటి పొర కట్టింది. ఎడమ టెర్మినల్ (కాయిల్ కాలును స్క్రూతో బిగించే చోటు) చుట్టూ ఉన్న ప్లాస్టిక్ మెత్తబడి, కిందికి జారి, జారిన చోటే గడ్డకట్టింది. ఆ టెర్మినల్ స్క్రూ తల నీలం రంగుకు తిరిగింది. వాడకంలో లోపం ఉంటే, అంటే నట్టుకు ఆనించి వాడినా, ఎర్రగా కాలేదాకా వదిలేసినా, కాలాల్సింది చుట్లు. నట్టు వేడి చుట్లను వదిలేసి చేతిపిడి దగ్గరకు ఎలా వచ్చింది? మీ ఇంజనీర్ ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పగలిగితే నేను ఈ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను.

అసలు సంగతి స్క్రూల్లో ఉందని నా నమ్మకం. మెషీన్‌తో పాటు వచ్చిన టెర్మినల్ స్క్రూలు ఇత్తడివి. ఈ మధ్య తెప్పించిన కాయిల్ కిట్‌లో వేరే స్క్రూలు వచ్చాయి, కొత్త కాయిల్‌కి వీటినే వాడాలని చిన్న కాగితం మీద రాసి మరీ పెట్టారు. మీరు చెప్పినట్టే బిగించాం. అప్పటి నుంచి మెషీన్ ముక్కు భాగం, అంటే టెర్మినల్స్ ఉండే ముందు కొన, వేడెక్కడం, వాసన రావడం మొదలైంది. ఒకరోజు ట్రిగ్గర్ నొక్కితే టప్‌మని చప్పుడు చేసి ఆగిపోయింది. తర్వాత ఆ స్క్రూలకు అయస్కాంతం పెట్టి చూశాను. గట్టిగా అతుక్కుంది. పాత ఇత్తడి స్క్రూలకు అసలు అతుక్కోదు.

ఇది ఎంత పెద్ద పొరపాటో మీకు నేను చెప్పాల్సిన పని లేదు, మీ మెషీన్ పనిచేసే సూత్రమే ఇది. కాయిల్‌లో హై ఫ్రీక్వెన్సీ కరెంటు పారుతుంటే దగ్గర్లోని లోహంలో సుడి ప్రవాహాలు పుడతాయి, ఆ లోహం తనంతట తాను కాలుతుంది. ఇనుము అయస్కాంత లోహం కాబట్టి ఇంకా త్వరగా వేడెక్కుతుంది. ఇత్తడి, అల్యూమినియం అంతగా వేడెక్కవు. అలాంటప్పుడు కాయిల్ కాళ్లను పట్టుకునే చోటే ఇనుప స్క్రూ పెడితే, మెషీన్ నట్టుతో పాటు తన ముక్కును కూడా తానే కాల్చుకుంటుంది.

దానికి తోడు బిగింపు వదులవడం. వేడికి రాగి ఇనుము కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది. స్క్రూ కింద నలిగి, చల్లారాక సందు మిగులుతుంది. కాయిల్‌లో పారే కరెంటు గోడ ప్లగ్గు నుంచి వచ్చే కరెంటు కన్నా చాలా రెట్లు ఎక్కువ. ఆ కరెంటు వదులు కీలు గుండా, నల్లటి ఆక్సైడ్ పొర గుండా వెళ్తే వేడి పుట్టక ఏమవుతుంది? అందుకే మేం కొత్త కాయిల్ వేసిన ప్రతిసారీ రాగి చివర్లను ఎమరీ కాగితంతో మెరిసేలా రుద్ది బిగిస్తాం. కొన్నిసార్లు వాడి పూర్తిగా చల్లారాక మళ్లీ ఒకసారి బిగిస్తాం. ఇది మీ మాన్యువల్‌లో లేదు, పని చేస్తూ నేర్చుకున్నాం. మాన్యువల్‌లో ఉండాల్సిన మొదటి మాట అసలు ఇదే కదా.

మా వాడకం గురించి కూడా చెబుతాను, రేపు మళ్లీ ఆ మాట అనకుండా. నట్టు చుట్టూ కాయిల్ తగలకుండా పెడతాం. ప్రతి నట్టునూ నిప్పులా ఎర్రగా చేయాలని చూడం. 16 మి.మీ. బోల్టు మీది నట్టు 200 డిగ్రీలు వేడెక్కితే దాని రంధ్రం పెరిగేది సుమారు 0.04 మి.మీ. తుప్పు పట్టు చాలాసార్లు ఆ మాత్రానికే విడిపోతుంది. గట్టి లాక్‌టైట్ లాంటి జిగురు వేసిన మర అయితే 250 డిగ్రీల దాకా పోనిస్తాం. అప్పటికీ పానాకు కదలకపోతే చల్లారనిచ్చి రస్ట్ ఆయిల్ వేసి మళ్లీ వేడి చేస్తాం. ఆయిల్ వేసిన వెంటనే వేడి పెడితే పొగ, మంట తప్ప ఏమీ రాదు. ఇనుము 770 డిగ్రీలు దాటితే అయస్కాంత గుణం పోతుంది, వేడెక్కే వేగం పడిపోతుంది. అక్కడ ఇంకా ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే కాయిల్‌కి శిక్షే గానీ నట్టుకు లాభం లేదు. బాగా ఎర్రగా కాలిన హైటెన్సైల్ (ఎక్కువ బలం ఉండే) బోల్టులను తిరిగి వాడం, వాటి టెంపర్, అంటే ఉక్కు గట్టిదనం, పోతుంది. పని అయ్యాక ఫ్యాన్ కాసేపు తిరగనిచ్చి అప్పుడు ప్లగ్గు పీకుతాం. కాలిన కాయిల్‌ని నీళ్లలో ముంచం, స్లీవ్ నీళ్లు పీల్చుకుంటుంది. ఇందులో "వాడకంలో లోపం" ఎక్కడుందో చూపించండి.

మీ మాన్యువల్‌లో సైజుల పట్టిక గురించి ఒక మాట. 24 పానా పట్టే నట్టుకు 26 మి.మీ. కాయిల్ వాడమని రాశారు. 24 అనేది నట్టు ఒక పలక నుంచి ఎదుటి పలకకు ఉన్న కొలత. మూల నుంచి మూలకు కొలిస్తే దాదాపు 27 మి.మీ. వస్తుంది. అంటే మీరు చెప్పిన కాయిల్ ఆ నట్టు మీదికి దిగదు. బలవంతంగా దించితే మూలలు స్లీవ్‌ని కోసేస్తాయి. ఈ పట్టిక రాసినవాళ్లు ఒక్కసారైనా కాయిల్‌ని నట్టు మీద పెట్టి చూశారా అని నా అనుమానం. మీ పట్టిక ప్రకారం నడుచుకున్న కస్టమర్ కాయిల్ వారంలో చిరిగితే దాన్ని కూడా వాడకంలో లోపమే అంటారు కాబోలు.

ఇంకా అట్టపెట్టె మీద "నిరంతరంగా వాడవచ్చు" అని పెద్ద అక్షరాలు. లోపల మాన్యువల్ చివరి పేజీలో 2 నిమిషాలు వాడాక 2 నిమిషాలు ఆపాలని చిన్న అక్షరాలు. రెండింటిలో ఏది నిజమో అది పెట్టె మీద రాయండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి, ఉంగరాలు, గడియారాలు తీసేయాలి అన్న హెచ్చరిక కూడా ఆ చివరి పేజీలోనే దాక్కుంది. అది మెషీన్ ఒంటి మీద ఉండాలి. షెడ్డులో మాన్యువల్ ఎవరి చేతిలో ఉంటుంది?

నేను అడుగుతున్నది ఇది. టెర్మినల్ బ్లాకు, ముక్కు భాగం, దెబ్బతిన్న బోర్డు వారంటీ కింద మార్చి ఇవ్వండి. కాయిల్‌కి డబ్బులు నేనే ఇస్తాను. మెషీన్ విప్పి చూసినవారు ఏ భాగం కాలింది, మొదట ఎక్కడ వేడెక్కింది అనేది ఫొటోలతో సహా రాసి పంపాలి. "వాడకంలో లోపం" అనే ముద్రతో సరిపెట్టొద్దు. ఆ ఇనుప స్క్రూలు వెళ్లిన కిట్లన్నింటికీ ఇత్తడి స్క్రూలు పంపాలి, ఈలోగా ఆ కిట్ అమ్మకం ఆపాలి. నాకొక్కడికే వచ్చిందని అనుకోవడం లేదు, కిట్ ప్యాకెట్ మీద బ్యాచ్ నంబరు ఉంది, ఫొటోలో కనిపిస్తుంది.

కాలిన స్క్రూలు రెండూ నా దగ్గరే ఉన్నాయి, మీకు పంపడం లేదు. మీ ఇంజనీర్ వస్తే ఆయన ఎదుటే అయస్కాంతం పెట్టి చూపిస్తాను. ఫోన్‌లో కాకుండా, దయచేసి రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి.

జతపరిచినవి: బిల్లు నకలు, మీ సర్వీస్ సెంటర్ చీటీ నకలు, కాయిల్, టెర్మినల్, స్క్రూల ఫొటోలు, కిట్‌లో వచ్చిన కాగితం ఫొటో, మాన్యువల్ సైజుల పట్టిక పేజీ.

ఇట్లు,
మీ మెషీన్ కొన్న వర్క్‌షాప్ యజమాని