ఆ 500 కోట్ల మంది సంగతేంటి?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో సూపర్‌హీరో సినిమాల మీద వచ్చిన వ్యాసం చదివాను. మొత్తం మీద బాగుంది. మార్వెల్ కంపెనీ వాళ్ళ సూపర్‌హీరోల జట్టు ఎక్స్-మెన్ గురించిన పేరాలో మాత్రం ఒక తప్పు దొర్లింది. ఫీనిక్స్‌గా మారిన జీన్ గ్రే అనే ఆమెను కామిక్‌లో అదే జట్టులోని వుల్వరిన్ చంపుతాడని రాశారు. అది 2006లో వచ్చిన సినిమా కథ. 1980 నాటి కామిక్‌లో ఆమెను ఎవరూ చంపలేదు. 136వ సంచికలో వుల్వరిన్‌కి ఆ అవకాశం వస్తుంది, చంపెయ్యమని జీనే బతిమాలుతుంది కూడా. అతనికి చెయ్యి రాదు. బహుశా అక్కడే రచయిత పొరబడి ఉంటారు.

ఇంత చిన్నదానికి ఉత్తరం ఎందుకనుకుంటారేమో. నాకు అది చిన్నది కాదు. ఆ కథ ఆఖరి భాగం కోసం నేను ఎనిమిదేళ్ళు ఎదురుచూశాను.

మాది కోఠిలో బైండింగ్ షాపు. మా నాయన పెట్టింది. నాకిప్పుడు అరవై. 1983లో, నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా, మా షాపుకు ఎప్పుడూ వచ్చే ఒక లెక్చరర్ సార్ తొమ్మిది కామిక్ పుస్తకాలు తెచ్చి, అన్నీ కలిపి ఒకే వాల్యూం కుట్టమన్నారు. అమెరికాలో ఉన్న ఆయన తమ్ముడు పంపినవి. ఎక్స్-మెన్ 129 నుంచి 137 దాకా. పనికి వారం టైం ఉంది. నేను రాత్రిళ్ళు డిక్షనరీ పక్కన పెట్టుకుని వరసగా చదివేశాను. క్రిస్ క్లేర్‌మాంట్ రచన, జాన్ బర్న్ బొమ్మలు. మాటలు చాలా ఎక్కువ, కొన్నిచోట్ల మనిషి మొహం తప్ప మిగతా గడంతా అక్షరాలే. అయినా వదలబుద్ధి కాలేదు.

కథ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. జీన్ గ్రే 1963లో ఎక్స్-మెన్ మొదలైనప్పటి ఐదుగురిలో ఒకతె. తర్వాత ఆమెకు ఫీనిక్స్ అనే అంతులేని శక్తి వస్తుంది. ఒకడు ఆమె మనసులో దూరి, లేనివి ఉన్నట్టు చూపించి, ఆడిస్తాడు. దాంతో కట్టలు తెగిపోతాయి. 135వ సంచికలో ఆమె అంతరిక్షంలోకి ఎగిరిపోయి, ఆకలేసి ఒక నక్షత్రాన్ని మింగేస్తుంది. దాని చుట్టూ తిరిగే గ్రహం మీద 500 కోట్ల మంది ఉంటారు. ఒక్కరూ మిగలరు. అప్పట్లో మన భూమ్మీద జనాభా కూడా అంత లేదు.

136లో ఆమెను మళ్ళీ మామూలు మనిషిని చేస్తారు. అమ్మయ్య అనుకునేలోపు షియార్ అనే సామ్రాజ్యం వాళ్ళు అందరినీ తమ ఓడలోకి లాక్కుపోతారు. ఆమె చావాల్సిందే అంటుంది వాళ్ళ మహారాణి లిలాండ్రా. ఎక్స్-మెన్ గురువు ప్రొఫెసర్ జేవియర్ షియార్ వాళ్ళ ఆచారం ప్రకారమే ద్వంద్వయుద్ధానికి సవాలు చేస్తాడు. ఆ సవాలును రాణి కూడా కాదనకూడదు. గెలిస్తే జీన్ బతుకుతుంది. ఇక్కడ నాకు ఇప్పటికీ నచ్చేది యుద్ధం కాదు, దానికి ముందు పేజీలు. ఒక్కొక్కరూ ఒంటరిగా కూర్చుని, ఆమె పక్షాన నిలబడటం న్యాయమేనా అని ఆలోచించుకుంటారు. జీన్ తన పాత ఆకుపచ్చ గౌను వేసుకుని వస్తుంది, చిన్నప్పుడు మార్వెల్ గర్ల్ అనే పేరుతో జట్టులో ఉన్నప్పటిది. తర్వాత చంద్రుడి మీద యుద్ధం. ఒక్కొక్కరూ పడిపోతారు. ఆఖరికి ఆమె, ఆమె ప్రేమించిన స్కాట్ మిగులుతారు. అతనూ దెబ్బ తినగానే ఆమెలో ఫీనిక్స్ మళ్ళీ భగ్గుమంటుంది.

అక్కడితో నా పుస్తకం అయిపోయింది.

పిన్ను కొట్టిన పుస్తకం సంగతి బైండింగ్ పనివాళ్ళకు తెలుసు. ప్రతి కాగితమూ నడుమకు మడిచి ఉంటుంది, సగం ముందుకు, సగం వెనక్కు. పై కాగితం ఊడితే మొదటి పేజీలూ ఆఖరి పేజీలూ కలిసే పోతాయి. ఆ 137కి అట్టా, దాని కింది నాలుగు కాగితాలూ లేవు. ముందు పోయినదాన్ని ఎలాగో ఊహించుకున్నాను. వెనక పోయినదాన్ని ఏం చేసేది? సార్‌ని అడిగితే "చచ్చిపోయిందిలేవోయ్" అని నవ్వి వెళ్ళిపోయారు. నన్ను ఏడిపించడానికి అన్నారనుకున్నాను.

అందుకని ముగింపు నేనే కట్టుకున్నాను. షియార్ వాళ్ళు ఏదో మిషన్ పెట్టి ఆమె శక్తంతా లాగేస్తారు. మామూలు ఆడపిల్లగా ఇంటికొస్తుంది. స్కాట్‌ని పెళ్ళి చేసుకుంటుంది. మైదా జిగురు ఉడికిస్తూ, అందులో మైలుతుత్తం కలుపుతూ మా నాయనకు కథంతా చెప్పాను. ఆయనకు ఇంగ్లీషు రాదు, బొమ్మల పుస్తకాలంటే గిట్టదు. అంతా విని ఒక్క మాట అడిగాడు.

"మరి గా సచ్చిన ఐదొందల కోట్ల మంది సంగతేందిరా?"

ఆమె బుద్ధి ఆమె చేతిలో లేదు కదా అన్నాను. "గట్లనా. తాగి లారీ నడిపినోడు గూడ గదే అంటడు" అన్నాడు. తర్వాత పోయిన నాలుగు కాగితాలకు బదులు ముందు నాలుగు, వెనక నాలుగు తెల్లవి కత్తిరించి పెట్టి కుట్టేశాడు. మా పనిలో అది మామూలే. పేజీలు లేకపోతే తెల్లవి పెడతాం, ఎప్పుడైనా దొరికితే అతికించుకోవచ్చని.

1991లో ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఈ కథంతా కలిపి వేసిన పుస్తకం కనపడింది. అరవై చెప్పాడు, నలభై ఐదుకిచ్చాడు. అక్కడే జీపీఓ మెట్ల మీద కూర్చుని వెనక నుంచి తెరిచాను. సార్ అబద్ధం చెప్పలేదు. తనను ఆపడానికి సొంతవాళ్ళే మీద పడుతుంటే, జీన్ ఒక్క క్షణం తనను తాను నిలదొక్కుకుంటుంది. ఆ క్షణం జారిపోతే మళ్ళీ దొరకదని ఆమెకు తెలుసు. స్కాట్‌కి వీడ్కోలు చెప్పి, క్రీ జాతివాళ్ళు ఎప్పుడో వదిలేసిపోయిన ఆయుధం ముందు తనే నిలబడుతుంది. అతను చూస్తుండగానే అయిపోతుంది. విలన్ లేడు, చివరి క్షణంలో వచ్చి కాపాడేవాడూ లేడు.

అసలు సంగతి ఇంకా తర్వాత తెలిసింది. సార్ తమ్ముడు సెలవులకు వచ్చినప్పుడు "ఫీనిక్స్: ది అన్‌టోల్డ్ స్టోరీ" అని 1984లో మార్వెల్ వాళ్ళు వేసిన పుస్తకం చూపించారు. క్లేర్‌మాంట్, బర్న్ మొదట వేసుకున్న ముగింపు అందులో ఉంది. షియార్ వాళ్ళు జీన్ శక్తి తీసేస్తారు, ఆమె మామూలు మనిషిగా ఇంటికొస్తుంది. అచ్చం నేను జిగురు గిన్నె దగ్గర కూర్చుని కట్టుకున్నదే! ఆ బొమ్మలు చూసి నాకు ఒళ్ళు జలదరించింది. పేజీలు గీయడం కూడా అయిపోయాక, మార్వెల్‌కి ప్రధాన సంపాదకుడుగా ఉన్న జిమ్ షూటర్ ఒప్పుకోలేదు. అన్ని కోట్ల మందిని చంపిన మనిషిని శక్తి తీసేసి ఇంటికి పంపడం ఏం శిక్ష అన్నాడు. ఆమెను ఎప్పటికీ ఖైదులో ఉంచమన్నాడు. అలాగైతే మిగతా ఎక్స్-మెన్ ఆమెను విడిపించాలనే చూస్తూ ఉంటారు, వేరే కథే నడవదు అన్నాడు క్లేర్‌మాంట్. ఇక మిగిలింది చావే. చివరి పేజీలు మళ్ళీ గీశారు. అప్పటికి ఆ ముగ్గురిలో ఎవరికీ ముప్పై నిండలేదు.

షూటర్ మంచివాడు కాదని, పెత్తనం ఎక్కువని ఆయన కింద పనిచేసినవాళ్ళు చాలామంది అన్నారు. ఉండొచ్చు. సంపాదకుడు చెయ్యి పెట్టి చెడగొట్టిన కథలు కూడా బోలెడు ఉంటాయి, మీకు తెలియంది కాదు. కానీ ఆ రోజు ఆయన అడిగింది మా నాయన అడిగిందే. వాళ్ళిద్దరినీ ఒక దగ్గర కూర్చోబెడితే భాష తెలియకపోయినా కుదిరేదేమో.

ఇక మీ వ్యాసంలో ఇంకో మాట ఉంది, కామిక్స్‌లో చావుకు విలువ లేదు, అందరూ తిరిగొస్తారని. అది నిజమే. జీన్ కూడా వచ్చింది. 1986లో. చచ్చిపోయింది అసలు జీన్ కాదట, ఆమె రూపం వేసుకున్న ఫీనిక్స్ శక్తి అట. అసలు జీన్ న్యూయార్క్‌లోని జమైకా బే అడుగున ఒక గూట్లో నిద్రపోతూ ఉందట. అంటే ఆ 500 కోట్ల మందిని ఈమె చంపలేదు, లెక్క తీరిపోయింది! కొత్త పత్రిక ఒకటి మొదలుపెట్టాలి, పాత ఐదుగురూ కావాలి, దానికోసం ఈ ఏర్పాటు. ఈలోపు స్కాట్‌కి పెళ్ళయి కొడుకు కూడా పుట్టాడు. జీన్ బతికే ఉందని తెలియగానే పెళ్ళాన్నీ పసివాణ్ణీ వదిలేసి పరిగెత్తాడు. ఒక చావును చెరిపేస్తే దాని వెనక ఇంకెన్ని చెడతాయో చూడండి. నేనైతే 137 దగ్గరే ఆగిపోయాను. మా షాపులో కూడా కుట్టిన పుస్తకాన్ని విప్పి మధ్యలో కొత్త ఫారం, అంటే మడిచిన పేజీల కట్ట, దూర్చమని అడిగేవాళ్ళుంటారు. దూరుస్తాం, డబ్బులు తీసుకుంటాం. కానీ వీపు మళ్ళీ తిన్నగా నిలబడదు.

కాబట్టి నా మనవి ఒకటే. వుల్వరిన్ చంపాడన్న మాటకు సవరణ వెయ్యండి. రెండు లైన్లు చాలు.

సార్ పోయి మూడేళ్ళయింది. మా నాయన అంతకుముందే పోయాడు. పోయిన నెల సార్ వాళ్ళబ్బాయి ఆ పాత వాల్యూం తెచ్చాడు. కాలికో గుడ్డ మాసిపోయింది గానీ కుట్టు చెక్కుచెదరలేదు. లేని పేజీలకు కలర్ జిరాక్స్‌లు తీయించి తెచ్చి, తెల్ల కాగితాలు తీసేసి ఇవి పెట్టమన్నాడు. ఆఖరి తెల్ల కాగితం మూలన మా నాయన వేలిముద్ర ఉంది, మైలుతుత్తం నీలం. వచ్చే శనివారం ఇస్తానని చెప్పాను, ఇప్పటికి రెండు శనివారాలు దాటాయి.

ఇట్లు,
ఒక బైండింగ్ పనివాడు,
కోఠి, హైదరాబాద్
(పేరు అచ్చు వెయ్యొద్దని మనవి)